మా తల్లి చేతిపని

(సంఘ వార్షిక మహాసభయందు చదివిన ప్రసంగము)



ఈ వేదికపై సాధారణముగా సంఘమునకు దానధర్మములు చేసిన ప్రముఖులను, పదవుల నలంకరించిన పెద్దలను స్మరించుట ఆచారము. అది యుచితమే. ఈ యేడు కార్యనిర్వాహకులు మమ్ము మాతృమూర్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పుడని యాజ్ఞాపించిరి. పురాణములలోని మాతలను గూర్చి ప్రసంగింపగల పండితులు ఈ సభలో ననేకులు కలరు. కావున మేము మాకు బాగుగ తెలిసిన యొక్క తల్లిని గూర్చియే, అనగా మా కన్నతల్లిని గూర్చియే, చెప్ప సాహసించుచున్నాము. మేము మువ్వురము తోబుట్టువులము. మువ్వురి పక్షమున ఈ మాటలు చదువుచున్నాము. మా తల్లి పేరు ఏ పత్రికయందును పడలేదు. మొగల్తూరులో నొక పెంకుటింటి యరుగుపై గూర్చుండి ఆమె నలువది యేండ్లకు మించి లేసు నల్లినది. ఈ సభలోని వారిలో ననేకుల తల్లులును అట్టివారే యగుటచే, ఇది మా యింటి కథ మాత్రమే కాదని యెంచి, ఓపికతో వినవలెనని ప్రార్థించుచున్నాము.

మొగల్తూరు నరసాపురమునకు పడమట, సముద్రమునకు చేరువనున్న గ్రామము. ఒకప్పుడు జమీందారీకి ముఖ్యస్థానము. ఇప్పుడు పరదేశమున మా యూరి పేరు చెప్పినచో, వెండితెరపై వెలిగిన కృష్ణంరాజుగారి పేరును, చిరంజీవిగారి పేరును జనులు తలంతురు. వారు మా యూర బుట్టినవా రగుట మాకును గర్వకారణమే. కాని ఆ సినిమాలు పుట్టకమునుపే మా యూరి స్త్రీల చేతిపని సముద్రములు దాటిపోయినది. ఆ సంగతి చెప్పువారు తక్కువ.

ఆ పని యెట్లు వచ్చినదో క్లుప్తముగ విన్నవింతుము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియగువరకు ఈ డెల్టా ఇప్పటివలె పచ్చనిది కాదు. వానలు లేనిచో కరువు, వానలు మిక్కుటమైనచో వరద, గాలి కొట్టినచో ఉప్పెన. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను మిషనరీలు ఇంగ్లండునుండి వచ్చి నరసాపురము ప్రాంతమున స్థిరపడిరి. ఆ శతాబ్దపు నడిమి కాలమున మిషనరీ కుటుంబముల స్త్రీలు గోదావరి సీమలో దిక్కులేని పేద స్త్రీలకు, అందును క్రైస్తవమున చేరిన బీదలకు, కొక్కెపు సూదితో దారము నల్లు విద్యను నేర్పిరి. అల్లినదానిని తమ దేశమునందలి మిత్రులకు పంపి యమ్మించిరి. తరువాత వర్తకులు పుట్టిరి. పని పల్లెపల్లెకు ప్రాకినది. కులము దాటినది, మతము దాటినది. కడకు మన కాపు కుటుంబముల యరుగులను చేరినది.

మన యిండ్లలో అది యింత గట్టిగ నాటుకొనుటకు కారణమును దాచవలసిన పనిలేదు. మన స్త్రీలు కూలికి చేనిలో దిగరాదనుట మన పెద్దలు పెట్టుకొన్న మర్యాద. ఇల్లు కదలకుండ, గడప దాటకుండ, పరులకంట బడకుండ చేయదగిన పని యిది. కనుకనే మన మర్యాదకు సరిపోయినది. వర్తకునకును సరిపోయినది. ఎవరికి సరిపోలేదో ముందు చెప్పెదము.

మా తల్లి నరసాపురము చెంతనున్న యొక పల్లెలో బుట్టినది. ఏడవ యేట తన తల్లి యొడిచెంత గూర్చుండి గొలుసు కుట్టుతో పని మొదలిడినది. బడికి పోయినది మూడు తరగతులు మాత్రమే. సంతకము చేయగలదు, పెద్దబాలశిక్ష కూడబలుకుకొని చదువగలదు. పెండ్లియై మొగల్తూరునకు వచ్చునప్పుడు సారెతోపాటు తన సూదిని వెంట దెచ్చుకొన్నది. మా తండ్రి రెండెకరములు కౌలుకు చేయుచుండెడివాడు. మాలో కడగొట్టువానికి మూడేండ్లు నిండకమునుపే ఆయన జ్వరముతో కాలము చేసెను. అప్పటికి మా తల్లికి ముప్పదియేండ్లు.

పదునొకండవనాడు బంధువులు కూడి మాట్లాడుకొనిరి. కౌలుభూమి పోయినది. మా తల్లి ఊడ్పులకు పోదు నని మెల్లగా ననినది. పెద్దలలో నొకరు, "మన యింటి ఆడది చేలోకి దిగితే మేం తలెత్తుకోలేం తల్లీ, ఆ మాట రానీకు" అనిరి. ఆయన దుష్టుడు కాడు. మాయందు ప్రేమ గలవాడే. ఏటేట సంక్రాంతికి మాకు గుడ్డలు పెట్టినవాడే. కాని ఆ మాట చెప్పిన పెద్దలు, చేనికి పోనందున తగ్గెడు బియ్యము నెవరు కొలిచియిత్తురో చెప్పలేదు. మా యింటి మర్యాద నిలిచినది. దాని వెలను మా తల్లి దారముతో చెల్లించినది.

ఆమె దినచర్య మా కన్నులకు గట్టినట్లున్నది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి వాకిలి యూడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, గేదెకు మేత వైచి, పాలు పితికి, అన్నము వార్చి మమ్ము బడికి బంపెడిది. అటుపిమ్మట చేతులు శుభ్రముగ కడుగుకొని, పొడిగుడ్డతో దుడుచుకొని, అరుగుపై గోడకు జేరబడి సూది పట్టెడిది. తెల్లని దారము గనుక చేతికి జెమట పట్టరాదు, పసుపు అంటరాదు, మసి సోకరాదు. కాళ్ళకు పసుపు రాచుకొను తోటివారిని జూచి, "నాకా యోగం ఎప్పుడో పోయిందిలే" అని నవ్వెడిది. ఎడమచేతి చూపుడువ్రేలిమీదుగా దారము దినమెల్ల జారుటచే ఆ వ్రేలిపై నాగటిచాలువలె నొక గీత పడియుండెను. మేము పసితనమున నామె చేయి పట్టుకొని నడచునప్పుడు ఆ గీతను వ్రేలితో తడవుచుండెడివారము. చీకటిలో నెవరి చేయి పట్టుకొన్నను, అది మా తల్లి చేయి యగునో కాదో ఆ గీతవలననే మాకు తెలియుచుండెను.

మధ్యాహ్నమున ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు మా యరుగుపైకి జేరెడివారు. ఒకరు పూవుల నల్లుదురు, ఒకరు అంచు నల్లుదురు. ఆ పూవులను వరుసదీర్చి కలుపు అతుకుపనికి వేరుగ నేర్పు గావలెను. మా తల్లి అతుకుపనిలో పేరు గన్నది. ఆ వేళ పాటలుండెడివి, పరాచికములుండెడివి, అత్తల కథలుండెడివి. కాని చేతులు మాత్ర మాగవు. రాత్రి మేము నిద్రించిన పిదప లాంతరు వెలుగున మరల కూర్చుండెడిది. ఒకనాడు లాంతరు మసి చిన్నచుక్క యల్లికపై బడినది. కుంకుడురసముతో నెంత యుతికినను నీడ పోలేదు. ఏజెంటు దానిని వెలుగునకు బట్టి చూచి, వెలలో సగము కోసెను. ఆనాడు మా తల్లి యేడ్వలేదు. మరునాటినుండి లాంతరును బారెడు దూరమున నుంచి యల్లసాగినది. ఆమె చూపు తగ్గుటకు ఆరంభ మదియే యని మా నమ్మకము.

కూలి లెక్క వినుడు. ఏజెంటు దారము నిచ్చును. అల్లిక తిరిగి యిచ్చునప్పుడు ఎంత దారము పట్టినదను కొలతనుబట్టి కూలి. ఎన్ని గంటలు పట్టెనను ప్రశ్న లేనేలేదు. నమూనా నెవరు పంపిరో, వస్తువు నెవరు కొందురో, అక్కడ దాని వెల యెంతయో అరుగుపైనున్న వారి కెవ్వరికిని తెలియదు. ఒకనాడు ఆమె గుండ్రని పెద్ద గుడ్డ నొకదానిని రెండు నెలలుగా నల్లుచుండగా, అది యెందులకని మే మడిగితిమి. "దొరల ఇళ్ళలో భోంచేసే బల్ల మీద పరుస్తారంటరా" అనెను. మా యింట బల్ల లేదు. పీటలే మూడు. మేము నవ్వితిమి. "నవ్వకండి. వాళ్ళ బల్లకి గుడ్డ కడితేనే మన కంచంలోకి మెతుకులొచ్చేది" అనెను.

1977 నవంబరు తుపాను మీలో పెద్దలకు జ్ఞాపకముండును. దివిసీమను ముంచిన యుప్పెన యది. మా తీరమునను గాలి చెలరేగినది. పెంకులు లేచిపోయి యింటిలో నాలుగు మూలల నీరు కారుచుండెను. ఇంటిలో పొడిగ నున్నది మూతగల బియ్యపుబాన యొక్కటే. మా తల్లి బానలోని బియ్యమును గంపలోనికి గ్రుమ్మరించి, సగమల్లిన లేసును, దారపుండలను గుడ్డలో మూటగట్టి బానలో బెట్టి మూతవైచి, దానిపై తాను గూర్చున్నది. బియ్యము తడిసినది. తెల్లవారిన పిదప మే మదేమని యడుగగా, "బియ్యం తడిస్తే ఆరబోసుకుని తింటాం. దారం పాడైతే ఆ అప్పు ఎప్పటికి తీరుద్ది?" అనెను. ముక్కిన బియ్యమును పది దినములు తింటిమి. లేసు మాత్రము మచ్చలేక యేజెంటు చేతికి జేరినది.

ఇంక మా దోష మొకటి ఈ సభలో నొప్పుకొనవలసియున్నది. ఉన్నతపాఠశాలలో చేరునప్పుడు దరఖాస్తునందు తల్లిదండ్రుల వృత్తి వ్రాయవలసివచ్చెను. తండ్రిపేరున "కీర్తిశేషులు" అని వ్రాసితిమి. తల్లి వృత్తి యనుచోట నొకింత యాలోచించి "పని లేదు" అని వ్రాసితిమి. మాకు సిగ్గు. తోటివారి తల్లులు గృహిణులు, మా తల్లి కూలిది యని తెలియునేమో యని బెరకు. మాస్టారు దానిని బిగ్గరగ జదివి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" యనిరి. మా తల్లి గీత పడిన వ్రేలితో కలము పట్టి, "పని లేదు" అను మాటక్రింద తన పేరు నెమ్మదిగ వ్రాసినది. దారిలో నేమియు ననలేదు. ఏండ్లు గడచిన పిదప మేము క్షమార్పణ వేడగా, "అందులో తప్పేముందిరా, నేనేం ఉద్యోగం చేశాను? ఊరికే కూర్చోలేక అల్లుకున్నాను" అనెను. ఆమె యా మాటను మమ్మూరడించుటకై యన్నదని మొదట తలచితిమి. కాదు. ఆమెయును అట్లే నమ్మినది. దినమునకు పదునాలుగు గంటలు పాటుపడిన మనిషి తాను పనిచేయలేదని నమ్మి చనిపోయినది. మాకు తీరని బాధ యిదియే.

మరియొక సంగతి. మా యిద్దరి ఫీజులు కట్టుటకై మా యక్కను ఎనిమిదవ తరగతిలో బడి మాన్పించిరి. ఆమె లెక్కలలో మాయిద్దరికంటె చురుకైనది. ఆ యేడునుండి అరుగుపై రెండు సూదులు నడచినవి. మేము చదివితిమి, ఉద్యోగములు చేసితిమి, మీ యెదుట నిలిచి ప్రసంగించుచున్నాము. మా యక్క ఈ సభలో స్త్రీల వరుసలో గూర్చున్నది. కడపటి యేండ్లలో మా తల్లి ఈ విషయము తలచినప్పుడెల్ల మాట మార్చెడిది. కాని మనుమరాలిని సూది ముట్టనీయలేదు. "కళ్ళు పుస్తకానికి అట్టేపెట్టుకో" అని గద్దించెడిది. ఆ మనుమరాలు పట్టపరీక్ష నెగ్గిన దినమున, తన పెట్టె యడుగున దాచిన చిన్న లేసుగుడ్డ నొకదానిని దీసి యిచ్చినది. ఇన్నేండ్లలో తనకై యల్లుకొన్నది అదొక్కటే.

సభ్యులారా! మేము బడిలో "పని లేదు" అని వ్రాసిన కాలముననే, అనగా 1970ల చివర, జర్మను దేశపు సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ అను నామె నరసాపురము సీమకు వచ్చి, లేసు నల్లు స్త్రీల యరుగులపై గూర్చుండి వారి గంటలను, వారి కూలిని లెక్కగట్టినది. 1982లో ఆమె గ్రంథము వెలువడినది. మేము దానిని చదివినది చాల ఏండ్లకు. ఈ పనిలో నున్నవారు లక్షకు పైబడియుందురను నంచనా యందు గలదు. ఇంటిపని గాక దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు నల్లియు వారు సంపాదించినది రూపాయికంటె తక్కువ యనియు, అది చేనిలో కూలికి పోయిన స్త్రీకి దక్కినదానికంటెను మిక్కిలి తక్కువ యనియు నామె చూపినది. అట్టి తక్కువ కూలి యెట్లు సాగినది? వారు పనివారు కారు, తీరికవేళ గడపుకొను గృహిణులు అని అందరును, వారును, అనుకొనుటవలననే సాగినదని యామె సిద్ధాంతము. పొలముల రాబడితో బలపడిన మన కులమువారే 1970లలో ననేకులు లేసు ఎగుమతిలో దిగిరనియు, అంతకుమున్ను స్త్రీలును చేసిన బేరము పురుషుల చేతిలోనికి పోయెననియు నామె వ్రాసినది. చదువుచున్నప్పుడు ఆ మాట మాకు రుచింపలేదు. పుస్తకము మూసి యాలోచించితిమి. మా తల్లి చేతికి దారమిచ్చిన వారి మొగములు జ్ఞాపకమునకు వచ్చినవి. మాట నిజమే.

ఈ సభలో లేసు వర్తకులైన పోషకులు కలరు. వారి దాతృత్వముచేత ననేకులు మన బాలురు చదివిరి. మేమును అట్టి సాయము పొందినవారమే. వారిని నొప్పించుట మా యుద్దేశము గాదు. విదేశపు బేరమున లాభనష్టములు వారివి. యంత్రపు లేసు, చీనా దేశపు సరకు చౌకగ వచ్చి వారిని నలిపిన దినములును మేమెరుగుదుము. కాని విద్యార్థివేతనముగ మాకు ముట్టిన సొమ్ములో మా తల్లి గంటలును కొన్ని కలిసియున్నవని చెప్పకున్న, అన్నము పెట్టినవారిని మరచినవార మగుదుము.

కాలము కొంత మారినది. 1972లో అహమ్మదాబాదున ఇలాబెన్ భట్టు స్వయముపాధితో బ్రదుకు స్త్రీలను గూర్చి "సేవా" సంఘమును నిలిపినది. 1996లో జెనీవాయందు అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇంట గూర్చుండి కూలిపని చేయువారును కార్మికులే యని యొడంబడిక చేసినది. 2019లో భారత ప్రభుత్వము జనులు దినమును గడపు విధమును లెక్కించినప్పుడు, కూలిలేని యింటిపనిలో నుండు స్త్రీలు దినమునకు సగటున 299 నిముషములును, పురుషులు 97 నిముషములును వెచ్చించుచున్నట్లు తేలినది. నరసాపురము చెంత సీతారామపురమున లేసు పార్కు వెలసినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ వార్త విన్నప్పుడు మా యక్క, "ఊరికి గుర్తింపు వచ్చింది, బాగుంది. అల్లినవాళ్ళకి?" అని యడిగినది. ఆ ప్రశ్ననే మీ యెదుట పెట్టుచున్నాము.

పెద్ద తీర్మానములు మేము కోరము. మూడు చిన్న మనవులు గలవు. మొదటిది: మన సంఘమువారు కుటుంబముల పట్టిక వ్రాయునపుడు స్త్రీల వృత్తి యను గడిలో ఊరక గీత గీయుదురు. లేసు నల్లు ప్రతి స్త్రీ పేరునకు ఎదుట "లేసుపని" యని వ్రాయింపవలెను. రెండవది: వర్తకులగు మన పోషకులు దారమిచ్చునపుడు దారమెంత, కూలియెంత, కోత కోసినచో ఎందులకు కోసిరి యను వివరములతో నొక చీటి ఆమె చేతికిప్పింపవలెను. చీటికి ఖర్చు లేదు. లెక్క తెలిసినవారికి అడుగు ధైర్యము వచ్చును. మూడవది: సంఘనిధినుండి ఏట నొకసారి యీ స్త్రీలకు కంటిపరీక్ష చేయించి అద్దములిప్పింపవలెను. ఈ మూడవదానికి మొదటి చందాగా మా మువ్వురి యొక నెల రాబడిని ఈ వేదికపై నర్పించుచున్నాము. అందులో మా యక్క వంతు ఆమె లేసు కూలియే.

మా తల్లి కడపటి దినములలో చూపు పూర్తిగ మందగించినది. సూది పట్టలేదు. అయినను అరుగుపై గోడకు జేరబడి కూర్చున్నప్పుడు, ఆమె కుడిచేతి వ్రేళ్ళు ఒడిలో తమంత తామే గొలుసు కుట్టు కుట్టుచుండెడివి. దారము లేదు, సూది లేదు. మేము ఆ చేతిని పట్టుకొని యాపబోతిమి. "ఉండనీరా, ఈ వరస అయిపోవచ్చింది" అనెను.

ఆమె పోయిన పిదప మరణధ్రువపత్రమునకై వివరములు వ్రాయవలసివచ్చెను. వృత్తి యను గడి మరల మా యెదుటికి వచ్చినది. ఈసారి కలమును మా యక్క కిచ్చితిమి. ఆమె తన చక్కని యక్షరములతో "లేసుపని" అని వ్రాసినది.